ఆకాశం జహాజు రెండో భాగం

మా తమ్ముడి కూతురు మొన్న ఆదివారం మిడిల్ పాయింట్ పేటలో ఉన్న మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే ఫోను నా మొహం ముందు పెట్టింది.

"అత్తా, మీ చిన్నప్పటి సీరియల్‌కి కొత్త సీజన్ వస్తోందట. దేఖో."

తెరంతా చీకటి. అందులో ఎక్కడో దూరంగా ఒక తెల్లని చుక్క కదులుతోంది. వెనక అదే పాత బాణీ, కొత్త వాయిద్యాలతో. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. పోపు మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

వెళ్ళే ముందు ఆ పిల్ల నన్ను ఆ సీరియల్ అభిమానుల గ్రూపులో చేర్చింది. ఎక్కడెక్కడి నుంచో రాస్తున్నారు. ఒకరికి రాకెట్లు ఈసారైనా అట్టముక్కల్లా కనిపించకూడదట. ఒకరికి పాత కెప్టెన్ గొంతు ఎలాగైనా వినిపించాలట. రోబోను మారిస్తే చూడనే చూడనని ఒకాయన అలిగి కూర్చున్నాడు. "నీకేం కావాలో నువ్వూ రాయి అత్తా" అంది మేనకోడలు. చూస్తాలే అన్నాను. ఆ రెండో భాగం కోసం నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ ఆశపడ్డ మనిషి మా మామ్మ. ఆవిడ సంగతి అక్కడ రెండు ముక్కల్లో రాస్తే ఎవరికీ అర్థం కాదు.

అప్పట్లో మేము ఇంకో దీవిలో, రంగత్ అనే చిన్న ఊరికి అవతల, ట్రంక్ రోడ్డు పక్కన ఉండేవాళ్ళం. బజారుకి బస్సులో అరగంట. రేకుల కప్పు, చెక్క గోడలు, వెనక పోక తోట, తోట దాటితే మడ చెట్ల మధ్య ఖాడీ, అంటే సముద్రపు పాయ. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఆ బురద వాసన వంటింట్లోకి వచ్చేది. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు, తాతయ్య, మామ్మ. తాతయ్య దీవుల మధ్య తిరిగే బోటుకి సారంగు. అంటే బోటు నడిపే మనిషి. అప్పటికే పని నుంచి దిగిపోయాడు. మామ్మ శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి పెళ్ళయి ఓడలో వచ్చింది. దీవుల్లో అన్నేళ్ళు గడిపినా ఆవిడ తెలుగు ఆ ఊరిదే. హిందీ మాత్రం బజారుది.

మా టీవీ చెక్క తలుపుల పెట్టె, నలుపు తెలుపు. ఏంటెనా పొడుగాటి పోక మొద్దుకి కట్టి ఉండేది. గాలి వీస్తే తమ్ముడు బయటికి పరిగెత్తి దాన్ని తిప్పాలి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సీరియల్, పదిన్నరకి తెలుగు ఆరాధన. మామ్మ ఆరాధనకి కట్టుకునే తెల్లచీరలో, తలకి కొబ్బరినూనె రాసుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. వంటింట్లో కొబ్బరిపాలు పోసిన సూర్మై చేపల కూర ఉడుకుతుండేది. నాకిప్పటికీ ఆ సీరియల్ పేరు వింటే ముందు ఆ కూర వాసన గుర్తొస్తుంది, తర్వాతే రాకెట్టు.

కథ పెద్దదేం కాదు. భూమి నుంచి బయలుదేరిన ఓడ ఒకటి నక్షత్రాల మధ్య దారి తప్పుతుంది. ఇంటిదారి వెతుక్కుంటూ వారానికో చోట ఆగుతుంది. మామ్మ దాన్ని "ఆకాశం జహాజు" అనేది. ఆవిడకి సగం మాటలు అర్థమయ్యేవి కావు. మిగతా సగం తాతయ్య తన సొంత మాటలు కలిపి చెప్పేవాడు. ఆయనకి అది కథ కాదు, డ్యూటీ.

"సూడు, కాపలాకి ఒక్కణ్ణే పెట్టినారు. ఇద్దరుండాల" అనేవాడు. "మంచినీళ్ళ టాంకీ ఎక్కడుందో ఒక్కపాలీ సూపించనేదు. ఏటి తాగుతున్నారు ఆళ్ళు?"

చివరి వారం ఓడ చెడిపోయింది. కెప్టెను, ఆయన ఇంజనీరు చిన్న పడవలాంటి దానిలో ఎక్కి సాయం వెతకడానికి బయటికి వెళ్ళారు. రేడియో ఆగిపోయింది. ఓడ కిటికీలోంచి చూస్తుండగా ఆ పడవ చుక్కై, చుక్క కూడా లేకుండా పోయింది. రెండో భాగం త్వరలో వస్తుందని హిందీలో అక్షరాలు పడ్డాయి.

"అదేటి? అలా వొగ్గీసినారేటి?" అంది మామ్మ.

"వొస్తాడే" అన్నాడు తాతయ్య బీడీ ముట్టించుకుంటూ. "తిండుంది, నీళ్ళున్నాయి, పక్కన మనిసున్నాడు. ఏటవుద్ది?"

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఆ మాటలే. రేకుల మీద వాన పడుతుంటే, వేయించిన పనస గింజలు ఒలుచుకుంటూ, రెండో భాగంలో ఏం రావాలో మామ్మ చెప్పేది. కెప్టెను భార్యని చూపించాలి. అంత పెద్ద కథలో ఆవిడ ఒక్క ఫొటోలో తప్ప కనబడలేదు. ఆవిడ ఇంట్లో ఏం చేస్తోందో, ఎవరు తోడున్నారో చూపించాలి. ఓడలోని డాక్టరమ్మకి పెళ్ళి చెయ్యాలి. చెయ్యి విరిగిన రోబోను బాగుచెయ్యాలి. ఆవిడ ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెడుతుంటే తాతయ్య నవ్వి, "రాసి పంపించు ఆళ్ళకి" అనేవాడు.

వానలు తగ్గాక తాతయ్య చేపలకి వెళ్ళాడు. ఇంజను బిగించిన చిన్న డింగీ పడవ. తోడు తీసుకెళ్ళింది మా ఇంటికి రెండు మలుపుల అవతల కూరగాయలు పండించే బెంగాలీ ఆయన్ని. అందరం ఆయన్ని దాదా అనేవాళ్ళం. సముద్రం పెద్దగా ఎరగడు. తాతయ్యతో స్నేహం, ఆ స్నేహంతోనే కాస్త తెలుగు అబ్బింది ఆయనకి. సాయంత్రానికి రావాల్సినవాళ్ళు రాలేదు. వెతికే బోట్లు వెళ్ళాయి. నాలుగు రోజులు నాన్న ఇంటికి రాలేదు. ఐదో రోజు ఎక్కడో ఉత్తరాన చేపలవాళ్ళకి దాదా ఒక్కడే దొరికాడు.

నడవగలిగిన రోజున దాదా మా గేటు దాకా వచ్చాడు. ఎండకి మొహమంతా తోలు ఊడిపోయి ఉంది. మామ్మ వరండాలోంచి కదలకుండా, ఆయనకి వినబడేలా నాన్నతో అంది. "ఆడు లోనికి రాకూడదు. నా మనిసిని నీళ్ళల్లో వొగ్గీసి తన పేణం తెచ్చుకున్నాడు."

దాదా గేటు మీద వేసిన చెయ్యి తీసేసి వెళ్ళిపోయాడు. ఏం జరిగిందో నాన్నకి చెప్పాడు, పోలీసులకి చెప్పాడు. నాన్న మామ్మకి చెప్పబోతే ఆవిడ లేచి తోటలోకి వెళ్ళిపోయేది.

పోయినవాళ్ళ ఇంట్లో చేసే ఆదరణ కూడిక పెడదామని పాస్టరుగారు రెండుసార్లు ఇంటికొచ్చారు. మామ్మ ఒప్పుకోలేదు. ఒక ఆదివారం ఆయన ప్రార్థనలో, విధవరాలైన మా సహోదరిని ఆదరించు తండ్రీ అన్నారు. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. బెంచీ కిర్రుమంది. కళ్ళు తెరిచేసరికి మామ్మ నడవలోంచి తలుపు వైపు నడుస్తోంది. ఆ తర్వాత ఆరాధన అవగానే ఆవిడ ఇంటికి రాకుండా బోట్లు ఆగే జెట్టీకి వెళ్ళి, మధ్యాహ్నం దాకా అక్కడి సిమెంటు దిమ్మ మీద కూర్చునేది. అమ్మ గొడుగు పట్టుకుని వెళ్ళి తీసుకొచ్చేది.

ఇదంతా జరుగుతుండగానే వారానికోసారి మా పెరటి కంచె మీద ఒక సంచీ వేలాడేది. వంకాయలు, ఆనపకాయ, ఒక్కోసారి తోటకూర కట్ట. దాదా పెట్టి వెళ్ళేవాడు. అమ్మ చూసీచూడనట్టు తీసుకుని వండేది. "బజారువి" అని మామ్మకి వడ్డించేది. ఈ సంగతి నాకూ తమ్ముడికీ తెలుసు. మాకెవరూ చెప్పొద్దని చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

మామ్మ ఆదివారం తొమ్మిదింటికి టీవీ ముందు కూర్చోవడం మాత్రం మానలేదు. ఆ టైముకి పాటల కార్యక్రమం పెట్టారు. ఆవిడ అది చూసేది కాదు. అక్షరాలేవైనా పడతాయేమోనని చూసేది. బస్సు కండక్టర్ని అడిగేది, పోస్టుమాన్‌ని అడిగేది. "రెండో భాగం ఎప్పుడంట బాబూ?" ఆవిడ బాధ తెలిసినవాళ్ళు తల దించుకునేవాళ్ళు. కెప్టెను వస్తే తాతయ్య వచ్చినట్టేనని ఆవిడ అనుకుంటోందని మా ఇంట్లో అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

ఇక నా అబద్ధం సంగతి. అది జాలితో పుట్టలేదు, స్వార్థంతో పుట్టింది. రంగత్ బజారులో నా స్నేహితురాలింట్లో కొత్తగా కేబుల్ పెట్టారు. వాళ్ళింట్లో ఫ్రిజ్ కూడా ఉంది, రస్నా ఐసు ఇచ్చేవాళ్ళు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక అక్కడికి వెళ్ళాలని నా ఆరాటం. అమ్మ వద్దంది. పోట్లాటలో నా నోటి నుంచి వచ్చేసింది.

"మామ్మ సీరియల్ రెండో భాగం కేబుల్లో వస్తోంది. నేను చూసొచ్చి మామ్మకి చెప్తాను."

మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగింది. "ఎల్లనీ దాన్ని" అంది అమ్మతో.

ఆ శనివారం రస్నా ఐసు తిన్నాను, ఏవో పాటలు చూశాను. తిరుగు బస్సులో కూర్చున్నాక గాని నాకు భయం పుట్టలేదు. సాయంత్రం కాళ్ళు కడుక్కోగానే మామ్మ పిలుస్తుంది. ఏం చెప్పాలి? కిటికీ పక్కన అడవి వెనక్కి పోతుంటే నేను కథ కట్టుకున్నాను. పడవలో కెప్టెనూ ఇంజనీరూ బతికే ఉన్నారు. ఒక చిన్న గ్రహం మీద దిగారు.

"ఏటి తిన్నారు?" ఇదే మామ్మ మొదటి ప్రశ్న.

"అక్కడ... కొబ్బరికాయల్లాంటివి ఉన్నాయి మామ్మా."

"నీళ్ళో?"

"వాటిలోనే ఉన్నాయి."

"ఊఁ" అంది. వరండాలో దీపం ముట్టించే వేళ. అమ్మ వంటింట్లో టీ కాస్తోంది. మామ్మ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నది. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

అలా ఏడెనిమిది వారాలు. రోబో చెయ్యి బాగుచేయించాను. డాక్టరమ్మ పెళ్ళి చేశాను. పెళ్ళి భోజనంలో ఏం పెట్టారో రెండు సాయంత్రాలు చెప్పాల్సి వచ్చింది. నాకు గర్వం పెరిగింది. ఇంకో రెండు వారాల్లో కెప్టెన్ని ఇంటికి తెచ్చేద్దామనుకున్నాను.

అప్పుడే నాన్నకి దొరికిపోయాను. బజారులో నా స్నేహితురాలి నాన్న కనిపిస్తే మా నాన్న థాంక్స్ చెప్పాడు. ఆయనేమో, అలాంటి సీరియలేదీ రావట్లేదే అన్నాడు. నాన్న నన్ను కొట్టలేదు. పోక తోటలోకి పిలిచి, ఎండబెట్టిన కాయల కుప్ప పక్కన కూర్చోబెట్టాడు.

"కెప్టెన్‌ని ఏం చెయ్యబోతున్నావు?"

"ఇంటికి తెస్తాను."

నాన్న ఒక పోక కాయ తీసి తొక్క ఒలిచి పారేశాడు.

"నువ్వు ఆయన్ని తెస్తే మీ మామ్మ ఎప్పటికీ ఆ జెట్టీ మీదే కూచుంటాది" అన్నాడు. "మీ తాత రాడమ్మా. నేను వెతికొచ్చాను కదా."

మా నాన్న ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన ఏడవలేదు. నేను మాత్రం ఏడ్చాను. "మరి చంపెయ్యమంటావా?" అని అడిగాను.

"నాకు తెలీదు. నువ్వు మొదలుపెట్టావు" అని లేచి వెళ్ళాడు.

ఆ శనివారం నేను స్నేహితురాలింటికి వెళ్ళలేదు. బడి అయ్యాక బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చేశాను. మామ్మ అప్పటికే వరండాలో సిద్ధంగా ఉంది. కెప్టెన్ని తేలేను, చంపలేను. కథ దానంతటదే ఇంకోవైపు పోయింది.

"ఇంజనీరు వచ్చేశాడు మామ్మా" అన్నాను. "ఒక్కడే. భూమ్మీదికి. ఆయన తిన్నగా కెప్టెన్ ఇంటికెళ్ళాడు. గేటు బయట నిలబడ్డాడు."

మామ్మ కళ్ళు తెరిచింది. "ఆవిడుందా ఇంట్లో?"

"ఉంది. కిటికీలోంచి చూసింది."

"లోనికి రమ్మన్నాదా?"

నేను అంతదాకా ఆలోచించలేదు. "లేదు. ఆయన అక్కడే నిలబడ్డాడు. అక్కడితో అయిపోయింది" అన్నాను.

ఎప్పుడూ నాలుగు ప్రశ్నలు వేసే మామ్మ ఆ రోజు ఏమీ అడగలేదు. మర్నాడు ఆరాధనకి వచ్చింది గాని జెట్టీకి వెళ్ళలేదు. సోమవారం, మంగళవారం మామూలుగా పని చేసుకుంది. బుధవారం పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మతో అంది.

"ఆ వంకాయలు తెచ్చేవోణ్ణి రమ్మను. కంచె కాడికి కాదు. ముందు గేటు కాడికి."

అమ్మ చేతిలో చాకు అలాగే ఉండిపోయింది.

దాదా సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో ఏమీ లేకుండా. మామ్మ తాతయ్య కుర్చీ చూపించింది. ఆయన అందులో కూర్చోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నన్నూ తమ్ముణ్ణీ లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు.

"సెప్పు" అంది మామ్మ. "మొదట్నుంచీ."

దాదా సగం హిందీ, సగం తెలుగులో చెప్పాడు. మామ్మని బౌది అనేవాడు, వాళ్ళ భాషలో వదిన అని.

"ఇంజన్ బంద్ హోగయా బౌది. రెండు రోజులు సముద్రం కరెంటు, నీటి లాగుడు, లాక్కుపోయింది. మూడో రోజు సముద్రంలో రాయి తగిలి డింగీ ఉల్టా అయిపోయింది. నాకు ఈత రాదు. ఖాళీ జెరికాన్ డబ్బా ఒకటే ఉంది. ఆయన దాన్ని తాడుతో నా చేతికి కట్టాడు."

"ఆయనకో?"

"ఏమీ లేదు. దూరంగా గట్టు కనిపించింది. నేనెల్లి మనిసిని తెస్తాను, నువ్వు దీన్ని వొగ్గకు అన్నాడు. నేను వద్దన్నాను బౌది. చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్ళాడు. చాలా దూరం తల కనిపించింది. తర్వాత ఎండ నీళ్ళ మీద పడింది. నఁహీ దిఖా, ఇంక కనిపించలేదు."

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు చాటునుంచే అడిగింది. "బయపడ్డాడా?"

"లేదు. నన్ను తిట్టాడు. బెంగాలీవోడివి, ఇన్ని సేపలు తింటావు, ఈత నేర్సుకోనేదేటి అన్నాడు."

మామ్మ నోటి నుంచి నవ్వులాంటిది వచ్చింది, మధ్యలోనే ఏడుపైంది. "అది ఆయన మాటే" అంది. "అది ఆయన మాటే." తాతయ్య వెళ్ళాక ఆవిడ మా ముందు ఏడవడం అదే మొదలు. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. దాదా లేవబోతే మామ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాను నిన్ను గేటు కాడ ఒక మాటన్నాను."

"జానే దో బౌది."

"జానే దో ఏటి? తప్పన్నాను." మొహం తుడుచుకుని లోపలికి చూసింది. "అన్నం తిని ఎల్లు."

ఆ వంకాయ కూరే వడ్డించింది అమ్మ. ఆయన తల ఎత్తకుండా తిన్నాడు.

పది రోజులకి ఆదరణ కూడిక జరిగింది. మా వాకిట్లో టార్పాలిన్ కట్టారు, గుడి బెంచీలు తెచ్చారు. పాస్టరుగారు విధవరాలు అనే మాట ఈసారి అనలేదు. మామ్మ తనే లేచి, తాతయ్య ఎలా పోయాడో మూడు మాటల్లో చెప్పింది. ఈత రానివాడికి జెరికాన్ ఇచ్చి ఈదుకుంటూ వెళ్ళాడని. పాటల్లో ఒక్క ముక్క రాకపోయినా దాదా చివరి బెంచీలో చివరిదాకా నిలబడే ఉన్నాడు.

తర్వాతి శనివారం నేను బస్సులో కథ సిద్ధం చేసుకుని వచ్చాను. కాళ్ళు కడుక్కుని మామ్మ దగ్గర కూర్చుని, "ఆవిడ గేటు తీసింది మామ్మా" అని మొదలుపెట్టాను.

మామ్మ నా తల మీద చెయ్యి వేసింది. "ఇంక సాలు గుంటా. నీది బాగున్నాది. మరి ఆళ్ళదెప్పుడొస్తాది?"

నాకు చెవులు వేడెక్కాయి. "నీకు తెలుసా?"

"తెలవదేటి? మొదటి వారమే తెలిసింది. ఆ జహాజులో అందరూ మన బస్సు కండక్టర్నాగ మాటాడతన్నారు."

"మరి ఎందుకు విన్నావు?"

"బాగుందని ఇన్నాను" అంది.

ఆ తర్వాత మామ్మ చాలా ఏళ్ళు బతికింది. మా ఇంటికీ కేబుల్ వచ్చింది, టీవీకి రంగులొచ్చాయి. దాదా ముందు గేటు నుంచే వచ్చి, ఆదివారం మధ్యాహ్నాలు మెట్టు మీద కూర్చునేవాడు. ఆ సీరియల్ ఆయన ఒక్కసారి కూడా చూసినవాడు కాదు. అయినా కెప్టెను భార్యని ఎందుకు చూపించాలో, నీళ్ళ టాంకీ ఎక్కడుండాలో మామ్మ చెబుతుంటే తల ఊపుతూ వినేవాడు. ఆవిడ ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఆ వారం కూడా, కొత్త కార్యక్రమాల జాబితా చదవమని పేపరు నా చేతికిచ్చింది.

మా నాన్న, అమ్మ, నేను, అందరం అనుకున్నాం, మామ్మ ఆ సీరియల్ పేరు చెప్పి తాతయ్య కోసం ఎదురుచూసిందని. చాలా ఏళ్ళు నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను, వినడానికి బాగుంటుంది కూడా. ఇప్పుడు నా జుట్టు ఆవిడ జుట్టంత తెల్లబడ్డాక అలా అనిపించడం లేదు. తాతయ్య సంగతి ఆ బుధవారం సాయంత్రం మా వరండాలో తేలిపోయింది. ఆవిడ దాన్ని ఒప్పుకుంది, సముద్రానికి వదిలిపెట్టింది. ఆ తర్వాత అన్ని ఏళ్ళూ ఆవిడ ఎదురుచూసింది అచ్చంగా కథ కోసమే.